మల్ల పోయి చూసినవా?

శ్రోతలకు నమస్కారం. వరంగల్‌లో నర్సింగ్ చదువుతున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు. ఇంట్లో షుగర్ గోలీలో, సూదులో వాడేవాళ్లుంటే మీరూ వినండి.

నేను మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు పరకాల దిక్కు నుంచి ఒక పెద్దాయన జ్వరంతో వచ్చి మా వార్డులో చేరాడు. 102 ఉంది. పారాసిటమాల్ వేశాను, చార్టులో టైం రాశాను, సంతకం పెట్టాను. పని అయిపోయిందనుకున్నా. గంట తర్వాత మా సిస్టర్ అడిగింది: "గోలి ఏసినవ్ సరే బిడ్డా, మల్ల పోయి చూసినవా?"

పోయి చూస్తే జ్వరం దిగింది. కానీ బనీను చెమటకు తడిసి ముద్దయింది, ఆయన ఫ్యాన్ కింద వణుకుతున్నాడు. పొడి బట్ట ఇచ్చినవాళ్లు లేరు, గుక్కెడు నీళ్లు తాగించినవాళ్లూ లేరు.

నర్సింగ్ ప్రాసెస్, అంటే నర్సు రోగిని చూసుకునే వరస, ఏమిటని అడిగితే పరీక్షలో ఐదు పేర్లు గడగడా చెప్పేస్తారు: అసెస్‌మెంట్ (రోగిని పరిశీలించడం), డయాగ్నోసిస్ (ఇబ్బంది ఏమిటో తేల్చడం), ప్లానింగ్ (ఏం చేయాలో అనుకోవడం), ఇంప్లిమెంటేషన్ (ఆ పని చేయడం), ఇవాల్యుయేషన్ (ఫలితం చూడటం). రెండోదాని దగ్గర చాలామంది తడబడతారు. డాక్టరు "న్యుమోనియా" అని రాస్తే వీళ్లూ అదే రాస్తారు. అది జబ్బు పేరు. నర్సు రాయాల్సింది "కఫం బయటికి రావడం లేదు" అని. ఎందుకంటే కూర్చోబెట్టడం, దగ్గించడం, నీళ్లు తాగించడం మన చేతిలో పని.

ఇక ఐదోది. అందరూ ఎగ్గొట్టేది అదే. మళ్లీ వెళ్లి చూడాలి, సరే, ఎప్పుడు? ఆ టైం చెప్పేదే ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు. పిల్లలు దాన్ని చూసి టెన్షన్ పడతారు గానీ, నా లెక్కలో అది మంచం దగ్గరికి ఎప్పుడు పోవాలో చెప్పే గడియారం.

మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ చూడండి. చర్మం కింద ఇస్తే అరగంటకు పని మొదలుపెడుతుంది. రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాని జోరు ఎక్కువ. ఉదయం ఏడున్నరకు సూది వేశారు, రోగి సరిగ్గా తినలేదు. అయితే తొమ్మిదిన్నర నుంచి కన్నేసి ఉంచాలి. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే షుగర్ చూడాలి. 70 కంటే తగ్గి, మింగగలిగే స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, వెంటనే డాక్టర్‌ను పిలవాలి.

హాఫ్ లైఫ్ అనే మాటకు భయపడకండి. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే టైం, అంతే. గుండెకు ఇచ్చే డిగాక్సిన్‌కు అది దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రోజులు, అదీ కిడ్నీలు బాగుంటే. కిడ్నీలు దెబ్బతింటే తూము పూడిపోయిన చెరువే: పైనుంచి నీళ్లు వస్తుంటాయి, కిందికి పోవు. రోజూ అదే గోలి వేస్తుంటే మందు పేరుకుపోతుంది. అందుకే వేసే ముందు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నిండా ఒక నిమిషం లెక్కపెడతాం. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే గోలి ఆపి డాక్టర్‌కు చెప్తాం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఒక మాట. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ రెండు రకాల సీసాలు దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. ఈసారి మెడికల్ షాపుకు పోయినప్పుడు పాత సీసా, పాత సిరంజి రెండూ వెంట తీసుకుపోండి.

సెలవు.