పాకుడు రాయి మీద గాజు పెంకులు

[తెర మీద: నల్లటి నేపథ్యంలో మెరుస్తున్న డయాటమ్]

నమస్తే అండి. ఇది గ్రాఫిక్స్ కాదు. మన గంజాం జిల్లా రంభ దగ్గర చిలికా ఒడ్డు రాళ్ల మీద గోధుమరంగు పాకుడు ఉంటుంది కదా, కాలు జారుతుందని తిట్టుకుంటాం. దాన్ని కాస్త గీకి, చుక్క నీళ్లలో కలిపి మైక్రోస్కోప్‌లో చూస్తే కనిపించిన జీవి ఇది. పేరు డయాటమ్. ఉన్నది ఒకే ఒక్క కణం. నీళ్లలో కరిగిన సిలికాను తీసుకుని తన చుట్టూ తానే గాజు పెంకు కట్టుకుంటుంది.

[పెంకు దగ్గరగా]

ఈ రంధ్రాల వరుసలు చూడండి. చాలావాటి వెడల్పు 1 మైక్రాన్ కూడా ఉండదు, అంటే మిల్లీమీటరులో 1000వ వంతు లోపే. పోషకాలు, వాయువులు వచ్చిపోయే దారులివి. ఎంత పొందిగ్గా ఉన్నాయో!

[అదే చుక్క, మామూలు వెలుతురులో]

ఇప్పుడు చూడండి, వెలవెలబోయింది. వెలుగు గాజులోంచి నేరుగా దాటిపోతోంది మరి. అందుకే స్లైడు పెట్టే స్టేజీ కింద, వెలుగును స్లైడు మీదికి చేర్చే లెన్స్ ఉంటుంది కదా, ఆ కండెన్సర్‌కి సరిగ్గా మధ్యలో గుండ్రటి నల్ల అట్టముక్క అడ్డం పెడతాం. నేరుగా వచ్చే వెలుగు ఆగిపోతుంది. పక్కల నుంచి వాలుగా వచ్చే కిరణాలు పెంకుకి తగిలి, చెదిరి లెన్స్‌లోకి వస్తాయి. కిటికీ సందులోంచి పడ్డ ఎండలో దుమ్ము మెరిసినట్టే. ఇదే డార్క్‌ఫీల్డ్. 10ఎక్స్, అంటే పది రెట్లు పెద్దగా చూపే లెన్స్‌తో మొదలుపెట్టండి. అట్టముక్క సైజు మాత్రం కత్తిరించి, పెట్టి చూసుకోవాల్సిందే.

[నీలం నేపథ్యంలో పసుపు డయాటమ్]

నల్ల అట్ట బదులు మధ్యలో నీలం ఫిల్టర్, దాని చుట్టూ పసుపు పెడితే ఇలా వస్తుంది. 1896లో జూలియస్ రైన్‌బర్గ్ చెప్పిన పద్ధతి ఇది. ఇక్కడ ఒక్క విషయంలో నాది పట్టుదలే. ఈ పసుపు మనం ఇచ్చింది. బతికున్న డయాటమ్ సొంత రంగు బంగారు గోధుమ, ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం వల్ల. ఆ సంగతి ఫొటో కింద రాయకపోతే చూసే పిల్లలు పసుపే నిజం అనుకుంటారు.

[రేడియోలేరియన్ బొమ్మ]

ఇది వేరే సూక్ష్మజీవి, సముద్రంలో ఉంటుంది. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హేకెల్ గీసిన ఇలాంటి బొమ్మల స్ఫూర్తితోనే ఫ్రెంచ్ వాస్తుశిల్పి రెనే బినే 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకి ప్రధాన ద్వారం రూపొందించాడు. మన బరంపురం పట్టు చీర అంచు మీద చిలికా డయాటమ్ ఎప్పుడు ఎక్కుతుందో చూడాలని నాకు చాలా ఆశ.

మీ ఊరి చెరువు పాకుడు కూడా చూడండి. ఫొటో తీస్తే ఊరి పేరు, ఏ లెన్స్, ఏ ఫిల్టర్ వాడారో రాసి పంపండి.