హైలైట్ పుస్తకంలో ఉండదు: ఈ-బుక్ నోట్స్‌ను నిజంగా దాచుకోవడం ఎలా?

నమస్కారం. ఈ-బుక్కుల్లో రాసుకున్న నోట్స్ పోవడం గురించి ఎక్కడ మాట వచ్చినా, ఎవరో ఒకరు "అన్నీ క్లౌడ్‌లో ఉంటాయి కదండీ, ఎక్కడికి పోతాయి?" అని తేల్చేస్తారు. ఆ మాట విని విని విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను. క్లౌడ్‌లో, అంటే కంపెనీ సర్వర్లలో, ఏదో ఉన్న మాట నిజమే. అయితే అక్కడ భద్రంగా ఉన్నది మీరు రంగు పూసుకున్న వాక్యమేనని మీరు నమ్ముతున్నారు. చాలా సందర్భాల్లో అక్కడ ఉండేది ఆ వాక్యం చిరునామా మాత్రమే.

ఊళ్ళో ఒక ఇంటికి దారి రెండు విధాలుగా చెప్పవచ్చు. "ఏడో వీధిలో ఎడమచేతి వైపు ఐదో ఇల్లు" అనడం ఒక పద్ధతి. "రామాలయం దాటాక, కిరాణా కొట్టుకు ఎదురుగా, నీలం గేటు ఇల్లు" అనడం రెండో పద్ధతి. మొదటిది లెక్క మీద నడుస్తుంది, రెండోది ఇరుగుపొరుగు గుర్తుల మీద నడుస్తుంది. ఈ-బుక్ రీడర్లు ఎక్కువగా మొదటి పద్ధతినే వాడతాయి. ఈపబ్ అనే ఫైలు రూపంలో వచ్చే ఈ-బుక్కుల కోసం రూపొందించిన చిరునామా ఎలా ఉంటుందో చూడండి.

(తెరపై: /6/14!/4/10/1:3)

ఆశ్చర్యార్థకానికి ముందున్న భాగం పుస్తకంలోని ఏ ఫైలు తెరవాలో చెబుతుంది, తర్వాతి భాగం ఆ ఫైలులో ఎక్కడ ఆగాలో చెబుతుంది. ఈ పద్ధతిలో ట్యాగులకు సరి సంఖ్యలే ఇస్తారు కనుక 14 అంటే చదివే వరుసలో ఏడో ఫైలు, 4 అంటే అందులో అసలు పాఠం ఉన్న భాగం, 10 అంటే ఆ పాఠంలో ఐదో పేరా, చివరనున్న 3 అంటే ఆ పేరాలో మూడో అక్షరం తర్వాతి చోటు. ఏడో వీధి, ఐదో ఇల్లు! ప్రచురణకర్త అచ్చుతప్పులు దిద్ది, ముందు ఒక చిన్న పేరా చేర్చి కొత్త ఫైలు విడుదల చేశాడనుకోండి: వీధి మొదట్లో ఒక కొత్త ఇల్లు లేచినట్టే. మీ ఐదో ఇల్లు ఆరోది అయిపోతుంది, మీ ఉత్తరం మాత్రం ఐదో ఇంటికే వెళ్తుంది, పసుపు రంగు సంబంధం లేని వాక్యం మీద పడుతుంది.

మూడో అక్షరం అన్నాను గాని, అది మనం బడిలో దిద్దుకున్న అక్షరం కాదు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం; కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 6. ఈ సంగతి పట్టించుకోకుండా రాసిన యాప్ మన అక్షరాన్ని ఒత్తు దగ్గర నిలువునా కోసి, సగం నుంచి హైలైట్ మొదలుపెట్టగలదు. ఇంగ్లీషు పుస్తకాలతో మాత్రమే పరీక్షించి విడుదల చేసే యాప్‌ల మీద నాకున్న కోపాన్ని ఇంకో వీడియోకు దాచుకుంటాను.

రెండో పద్ధతి ఎవరికీ తట్టలేదని కాదు. వెబ్ ప్రమాణాలను తయారుచేసే డబ్ల్యూ3సీ 2017 ఫిబ్రవరిలో హైలైట్లు, నోట్స్ వంటి వ్యాఖ్యానాల కోసం ఒక ప్రమాణాన్ని ఆమోదించింది. లెక్కతో పాటు హైలైట్ చేసిన మాటలను, వాటికి ముందున్న కొన్ని మాటలను, వెనకున్న కొన్ని మాటలను కూడా దాచే ఏర్పాటు అందులో ఉంది. లెక్క తప్పితే రామాలయాన్ని, కిరాణా కొట్టును వెతుక్కుంటూ వెళ్ళి ఇల్లు పట్టుకోవచ్చన్నమాట. ఆ ప్రమాణం రాసినవాళ్ళలో ఎవరో తప్పకుండా పల్లెటూళ్ళో చిరునామా వెతికి ఉంటారని నా అనుమానం.

ఇక, చిరునామా చేతిలో ఉండి ఊరే లేకపోతే ఏమవుతుంది? ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళ సంగతి మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ-బుక్కుల్లో ఆ పని 2009 జూలైలో జరిగింది. జార్జ్ ఆర్వెల్ రాసిన "1984"ను హక్కులు లేని విక్రేత ఒకరు అమెజాన్ ఈ-బుక్ స్టోరులో పెట్టారని తెలిసి, అమెజాన్ ఆ ప్రతులను కొన్నవాళ్ళ కిండిల్ రీడింగ్ పరికరాల నుంచి దూరం నుంచే తొలగించి డబ్బు వాపసు చేసింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక హైస్కూలు విద్యార్థి అదే పుస్తకాన్ని బడి పని కోసం చదువుతూ నోట్స్ రాసుకుంటున్నాడు. అతని నోట్స్ చెరిగిపోలేదు, వాటి ఫైలు పరికరంలోనే ఉంది; కానీ ఏ నోటు ఏ వాక్యం గురించి రాశాడో తెలిపే పుస్తకం లేదు. అతను వేసిన దావా లక్షన్నర డాలర్ల రాజీతో ముగిసింది. పుస్తకాన్ని నోట్స్‌తో సహా తిరిగి ఇస్తామని, వద్దంటే 30 డాలర్లు ఇస్తామని అమెజాన్ ఆ సెప్టెంబరులో కొనుగోలుదారులకు చెప్పింది.

పదేళ్ళ తర్వాత, 2019 ఏప్రిల్‌లో, మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోరును మూసేసింది; జూలైలో కొన్నవాళ్ళ పుస్తకాలు కూడా తెరుచుకోకుండా పోయాయి. కొన్న పుస్తకాల వెల మొత్తం తిరిగి ఇచ్చింది. నోట్స్ రాసుకున్నవాళ్ళకు అదనంగా 25 డాలర్లు జమ చేసింది. ఎన్ని పుస్తకాల్లో ఎన్ని రాసుకున్నా అంతే. ముంపు పరిహారం లెక్కగట్టే అధికారి కూడా ఇంతకన్నా నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు.

ఇంకో అపోహను ఇక్కడే తీసేస్తాను. సింక్ వేరు, బ్యాకప్ (పోతే తిరిగి తెచ్చుకునే విడి ప్రతి) వేరు. మీ ఫోనులో ఉన్నదే మీ టాబ్లెట్‌లోనూ ఉండేలా చూడడం సింక్ పని, అందువల్ల ఫోనులో పొరపాటున చెరిపిన నోటును టాబ్లెట్‌లోనూ అది శ్రద్ధగా చెరిపేస్తుంది. కనుక దాచవలసింది చిరునామాను కాదు. ఇంటిని, ఇరుగుపొరుగుతో సహా దాచాలి: మీ వాక్యం, దాని ముందు వాక్యం, వెనక వాక్యం, అధ్యాయం పేరు, ఏ కూర్పు అన్నది, దాని మీద మీ మాట. ఇవన్నీ ఏ యాప్ లేకుండానే తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలులో, మీ చేతిలో ఉండే చోట పెట్టుకోవాలి.

కిండిల్ పరికరంలో ఇందుకు సగం పని ముందే జరిగి ఉంటుంది. కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, డాక్యుమెంట్స్ ఫోల్డరులో "మై క్లిప్పింగ్స్" అనే టెక్స్ట్ ఫైలు తెరవండి.

(తెరపై: ఫైలులో ఒక నమోదు. మొదటి వరుసలో పుస్తకం పేరు, బ్రాకెట్లలో రచయిత పేరు; రెండో వరుసలో పేజీ, లొకేషన్, తేదీ, సమయం; ఒక ఖాళీ వరుస; హైలైట్ చేసిన పాఠం; చివర ==========)

ఇక్కడ చిరునామాతో పాటు ఇల్లు కూడా ఉంది, చూశారా? పైగా ఈ ఫైలు చివర చేర్చడమే తప్ప చెరపడం ఎరగదు. పరికరంలో హైలైట్ తీసేసినా ఇందులో నమోదు అలాగే ఉంటుంది. హైలైట్‌ను సవరిస్తే పాత నమోదు కింద కొత్తది చేరుతుంది. చాలామంది దీన్ని లోపం అంటారు, నాకైతే ఈ మొండితనమే నచ్చుతుంది. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఫోనులోని కిండిల్ యాప్‌లో చేసిన హైలైట్లు ఈ ఫైలులోకి రావు, వాటిని అమెజాన్ వెబ్‌సైటులోని నోట్‌బుక్ పేజీలో చూడాలి. మీరు కేబుల్‌తో నేరుగా ఎక్కించుకున్న పుస్తకాల హైలైట్లు ఆ నోట్‌బుక్ పేజీలోకి రావు, వాటికి ఈ ఫైలే దిక్కు. మూడోది, స్టోరులో కొన్న పుస్తకంలో ఎంత భాగాన్ని ఇలా బయటికి తీసుకోవచ్చో ప్రచురణకర్త పరిమితి పెడతాడు. అది దాటాక పాఠానికి బదులు, పరిమితి అయిపోయిందన్న సందేశం ఒక్కటే నమోదవుతుంది. అంటే అక్కడి నుంచి మళ్ళీ ఒట్టి చిరునామానే. కాబట్టి పుస్తకమంతా పసుపు పూసేవాళ్ళు కాస్త చెయ్యి బిగపట్టాలి.

సమయం దగ్గర పడింది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. గూగుల్ ప్లే బుక్స్ సెట్టింగుల్లో నోట్స్‌ను డ్రైవ్‌లో దాచే అవకాశం ఉంది. దాన్ని ఆన్ చేస్తే పుస్తకానికొక డాక్యుమెంట్ తయారవుతుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. కోబో రీడింగ్ పరికరంలో అన్నీ ఒక దాచిన ఫోల్డరులోని ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేసు ఫైలులో ఉంటాయి. సొంతంగా ఎక్కించుకున్న పుస్తకాల హైలైట్లు మీ కోబో ఖాతాకు చేరవు కనుక, పరికరాన్ని రీసెట్ చేసే ముందు ఆ ఫైలును కాపీ చేసుకోండి. కోరీడర్ అనే ఉచిత రీడింగ్ యాప్ వాడేవాళ్ళకు మామూలుగా పుస్తకం పక్కనే అదే పేరుతో, చివర ఎస్‌డీఆర్ అని ఉండే ఫోల్డరు ఏర్పడుతుంది, నోట్స్ అందులో ఉంటాయి. కంప్యూటరులో పుస్తకం ఒక్కదాన్నే వేరే చోటికి జరిపినా, పేరు మార్చినా, నోట్స్ వెనకే ఉండిపోతాయి. రెండింటినీ కలిపే జరపండి.

చివరగా పీడీఎఫ్. ఇందులో హైలైట్ అంటే పేజీ మీద నాలుగు మూలల కొలతలు. పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే కనుక, ఆ పసుపు కింద పాఠమే ఉండదు; బయటికి తీస్తే ఖాళీ వస్తుంది. అచ్చు పనికి వాడే అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌లలో పాఠం ఉంటుంది గాని అది యూనికోడ్ కాదు, కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. అందుకే ఏ తెలుగు పీడీఎఫ్‌లోనైనా మొదటి హైలైట్ చేయగానే దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడులో అతికించి చూడండి. తెలుగు కనిపిస్తే ముందుకు సాగండి. కనిపించకపోతే ఆ పుస్తకం వరకు హైలైట్లు మానేసి, అచ్చులో ఉన్న పేజీ సంఖ్య వేసి, వాక్యాన్ని చేత్తో టైపు చేసుకోండి.