హెచ్‌ఐవీ నివారణలో సెక్స్ వర్కర్లే కార్యకర్తలు

సభకు నమస్కారం. ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1వ తేదీన నర్సింగ్ విద్యార్థినులు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంతమంది ఒకచోట చేరారు కనుక, సాధారణంగా గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయాన్ని ఈ రోజు మామూలు గొంతుతోనే మాట్లాడదలచుకున్నాను. గోదావరి డెల్టాలో సెక్స్ వర్కర్లుగా జీవిస్తున్న స్త్రీల మధ్య హెచ్‌ఐవీ నివారణ ఎక్కడ నిలదొక్కుకుందో చూస్తే, ఆ పనిని ఆ స్త్రీలే తమ చేతుల్లోకి తీసుకున్న చోటే నిలదొక్కుకుందని నా నమ్మకం.

ఈ స్త్రీల గురించి ఇతరులు నిర్ణయాలు చేయడం మన ప్రాంతంలో కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు భోగం మేళాలను, అంటే వేడుకల్లో భోగం స్త్రీలతో ఆడించే నాట్య ప్రదర్శనలను, వ్యతిరేకించారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీలుగా సమర్పించే ఆచారాన్ని చట్టంతో నిషేధించింది. ఆ సంస్కరణల అవసరాన్ని నేను కాదనను. కానీ ఆ స్త్రీలకు ఏం కావాలో వారినే కూర్చోబెట్టి అడిగినవారు అరుదు, ఈ వృత్తికి పేరుపడ్డ పెద్దాపురం పేరు వినగానే ముసిముసిగా నవ్వే అలవాటు కూడా పోలేదు. నేడు ఈ వృత్తిలో ఉన్నవారు రకరకాల కులాల నుంచి, భర్త వదిలేసిన ఇళ్ల నుంచి, అప్పుల్లో మునిగిన ఇళ్ల నుంచి వస్తున్నారు. వారిని ఆనాటి కళావంతుల కుటుంబాలతో, అంటే తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా బతికిన కుటుంబాలతో, ముడిపెట్టి మాట్లాడటం ఇరువురికీ అన్యాయమే.

మన దేశంలో హెచ్‌ఐవీ 1986లో చెన్నైలో బయటపడింది. 1992లో కోల్‌కతాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచి ప్రాంతంలో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పనిలో సెక్స్ వర్కర్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ సాయంతో ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం వచ్చాక రాజమండ్రి చుట్టుపక్కల కూడా ఆ పద్ధతి వేళ్లూనుకుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో సుమారు అరవై మంది స్త్రీలకు ఒక పీర్ ఎడ్యుకేటర్, అంటే తోటివారికి నేర్పే సెక్స్ వర్కర్, చొప్పున నియమించారు.

ఆ పీర్ ఎడ్యుకేటర్ చేసే పనిని దగ్గర నుంచి చూడండి. తన పరిధిలోని ఒక్కొక్కరికి వారానికి ఎందరు విటులు వస్తారు, అందుకు ఎన్ని కండోమ్‌లు కావాలి, ఎవరు మద్యం మత్తులో ఉంటారు, ఎవరిని ఎవరు కొడుతున్నారు, ఎవరికి పరీక్ష గడువు దగ్గరపడింది అన్నది ఆమె తన కాగితంలో గుర్తులతో నింపుకుంటుంది, ఎందుకంటే పీర్ ఎడ్యుకేటర్లలో చాలామందికి చదువు రాదు. అంబాజీపేట కొబ్బరి కోసం, రావులపాలెం అరటి గెలల కోసం లారీలు ఏ రోజుల్లో ఎక్కువగా వస్తాయో ఏ ఆఫీసరుకన్నా ఆమెకే బాగా తెలుసు. కొబ్బరి మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. కోనసీమలో ఏ ఇంట్లోనైనా చేతికందే కొబ్బరి నూనెను జారుడు కోసం వాడితే రబ్బరు కండోమ్ కొద్ది నిమిషాల్లోనే బలహీనపడి చిరిగిపోవచ్చు. ఈ సంగతిని గోడపత్రిక చెబితే ఎవరూ పట్టించుకోరు. అదే గదిలో, అదే అవసరంతో బతికే మనిషి చెబితే మనసుకెక్కుతుంది.

కండోమ్ పంచినంత మాత్రాన వాడకం పెరగదు. ఎక్కువ డబ్బు చూపించి వద్దన్న విటుడికి ఎదురు చెప్పాలంటే ఆమె చేతిలో ఆ రాత్రికి వేరే ఆసరా ఉండాలి. పొదుపు సంఘం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా నివారణలో భాగమయ్యేది అందుకే. ఇంతకన్నా కష్టమైన చోటు మరొకటుంది. విటులతో కండోమ్ తప్పనిసరి చేసుకున్న స్త్రీ కూడా భర్తతోనో, నమ్ముకున్న మనిషితోనో దాన్ని పక్కన పెడుతుంది, ఎందుకంటే అక్కడ అడిగితే అనుమానించినట్టవుతుంది. దానికి ఉపన్యాసం మందు కాదు. అలాంటి స్త్రీలు డ్రాప్ ఇన్ సెంటర్‌లో, అంటే వారు ఎప్పుడైనా వచ్చి కూర్చోగలిగే కేంద్రంలో, తమలో తాము గంటల తరబడి మాట్లాడుకోవాలి.

పోలీసుల భయం సంగతి వేరు. సంచిలో కండోమ్‌లు దొరికితే అదే నేరానికి సాక్ష్యమవుతుందన్న భయంతో వాటిని వెంట ఉంచుకోవడమే మానేసినవారున్నారు. 2022 మే 19న సుప్రీంకోర్టు వాటిని నేరానికి సాక్ష్యంగా చూపరాదని, దాడుల సమయంలో పట్టుబడిన స్త్రీల ఫొటోలు ప్రచురించరాదని ఆదేశించింది. సంఘంలో ఈ ఆదేశం తెలిసిన స్త్రీ ఒకరైనా స్టేషన్ గడప తొక్కితే జరిగే మాటే వేరుగా ఉంటుంది.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. బేరాలు సెల్‌ఫోన్లోకి మారడంతో బస్టాండు దగ్గర నిలబడి కలిసే పాత పద్ధతికి చాలామంది దొరకడం లేదు. వారిని కలవగలిగేది వారి ఫోన్‌లో నంబరు ఉన్న తోటి స్త్రీ మాత్రమే. ఆమెకు ఇచ్చే గౌరవ వేతనం నెలల తరబడి ఆగిపోతే పని కూడా ఆగుతుంది, ఈ మాట నేను అధికారుల ముందు కూడా ఇంతే గట్టిగా అంటాను.

ఇక మీ పని. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. కేస్ షీటు మీద అందరికీ కనబడేలా ఆ మూడక్షరాలు రాయడం కూడా బయటపెట్టడమే. క్రమం తప్పకుండా మందులు వాడి వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా వ్యాధి సోకదన్న సంగతి ముందు మీరు నమ్మి చెప్పండి.

లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు ఇతర బాధితులకు లభించే వైద్యమంతా వెంటనే అందాలని కూడా ఆ 2022 ఆదేశంలోనే ఉంది. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులను ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆదివారం రాత్రి అలాంటి స్త్రీ మీ ఆసుపత్రి మెట్లెక్కితే ఆ మందు ఏ గదిలో ఉంటుందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో మీలో ప్రతి ఒక్కరూ ఈ వారంలోనే కనుక్కోండి.