చెయ్యెత్తితేనే ఆగే బస్సు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, పులిహోర కలిపి తెచ్చిన అమ్మలకి, ఇంత దూరం కార్లలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. కార్లలో అని ఎందుకు నొక్కి పలికానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. నాకు ముందు మాట్లాడిన పెద్దాయన గ్రాండ్ కాన్యన్ గురించి ఎంతో బాగా చెప్పారు. "అమెరికాలో నేను చూసినవి" అని నాకూ అదే విషయం ఇచ్చారు. లాస్ ఏంజెలెస్ వచ్చిన ఈ నాలుగు నెలల్లో నేను ఎక్కువగా చూసింది మాత్రం ఒక బస్సు స్టాపు.

నవ్వకండి. ముప్పై నాలుగేళ్లు బస్సుల ఉద్యోగం చేసినవాణ్ణి. కండక్టరుగా చేరి, డిపోలో ట్రాఫిక్ సూపర్‌వైజరుగా దిగాను. అమ్మాయీ అల్లుడూ పనికి వెళ్లాక ఇంట్లో తోచక, మొదటి వారంలోనే వీధి చివరి స్టాపు వెతుక్కున్నాను. స్టాపంటే ఒక స్తంభం, దానికో రేకు, రేకు మీద ఒక నంబరు. బల్ల లేదు, నీడ లేదు. నలభై నిమిషాలు నిలబడ్డాను. బస్సు వచ్చింది. నన్ను చూసింది. వెళ్లిపోయింది!

ఎవరి బస్సో చెప్పను. ఈ కౌంటీలో ఊరికో బస్సు సంస్థ ఉంది, మీరు ఊహించినా దొరకదు. స్టాపులో మనిషిని వదిలేసి వెళ్తే మా డిపోలో చార్జిషీటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అదే టైముకి వెళ్తే ఒకావిడ ఉంది. ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్తోంది, చేతిలో బకెట్టు. ఎక్కడ నిలబడిందనుకున్నారు? స్తంభం నీడలో. ఆ నీడ జానెడు కూడా ఉండదు. ఆవిడ ఒద్దికగా అందులోనే నిలబడి, నీడ జరిగినప్పుడల్లా తానూ జరుగుతోంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. నేను పది అడుగుల అవతల చెట్టు కింద నిలబడితే వేలు ఊపి వద్దంది, స్తంభం దగ్గరికి రమ్మంది, చెయ్యి ఎలా ఎత్తాలో ఎత్తి చూపించింది. అలా నిలబడితేనే మనం ప్రయాణికులం, లేకపోతే దారిన పోయేవాళ్లం.

2023లో ఊరి మధ్యలో ఒక స్టాపులో నీడ కోసమని చిల్లుల రేకు ఒకటి స్తంభానికి బిగించారు. లా సోంబ్రిటా అని పేరు, అంటే చిన్న నీడ. ఊరంతా నవ్వింది, ఇక్కడికి వచ్చాక ఆ కథ విని నేనూ నవ్వాను. అసలైన షెల్టరు కట్టాలంటే ఎన్ని శాఖలు ఒప్పుకోవాలో అల్లుడు చదివి వినిపించాక నవ్వు ఆగింది.

"ఇది కార్ల దేశం మావయ్యా, మొదటినుంచీ ఇంతే" అంటాడు మా అల్లుడు. మంచివాడే. కానీ ఆ మాట తప్పు. అందుకే ఈ మైకు తీసుకున్నాను.

1900లో ఈ ఊరి జనాభా లక్ష. 1901లో హెన్రీ హంటింగ్టన్ పసిఫిక్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ పెట్టాడు. ఎర్ర రంగు కరెంటు రైళ్లు, రెడ్ కార్లు అనేవారు. మరుసటి ఏడు సముద్రపు ఒడ్డునున్న లాంగ్ బీచ్‌కి లైను వేశాడు. పెరిగి పెరిగి పట్టాలు వెయ్యి మైళ్లు దాటాయి. 1930కి జనం పన్నెండు లక్షలు దాటారు. ఇప్పుడు మీరు ఫ్రీవేలో తిట్టుకుంటూ వెళ్లే ఊళ్లు చాలావరకు ఆ రైలు వెళ్లిన ఊళ్లే.

మేము జనం ఉన్నచోటికి బస్సు వేస్తాం. హంటింగ్టన్ ఎవరూ లేని పొలాల్లోకి రైలు వేశాడు. ఎందుకంటే ఆయనకి భూముల కంపెనీ కూడా ఉంది. మన దగ్గర వెంచర్ వేసినవాళ్లు ఆదివారం ఉచిత బస్సు పెట్టి ప్లాట్లు చూపిస్తారు కదా. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక ఆ బస్సు మళ్లీ వస్తుందా? రానే రాదు. రైలు పుస్తకంలో నష్టం, భూమి పుస్తకంలో లాభం. 1911లో రెడ్ కార్లని సదరన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీకి వదిలేశాడు. 

కార్లూ బస్సులూ చేసే జనరల్ మోటార్స్ కుట్ర చేసి రైళ్లను చంపేసిందని మీరు వినే ఉంటారు. అది సగం మాట. రెడ్ కార్లు కాక ఊళ్లో తిరిగే పసుపు రంగు ట్రాములు వేరే ఉండేవి. 1945లో వాటిని కొన్న కంపెనీ వెనక జనరల్ మోటార్స్ డబ్బు ఉంది. బస్సులూ సామానూ తామే అమ్ముకోవాలని కూడబలుక్కున్నారని 1949లో కోర్టు తేల్చింది. జనరల్ మోటార్స్‌కి జరిమానా ఐదు వేల డాలర్లు! కానీ రెడ్ కార్లు వాళ్లవి కావు. అవి అప్పటికే మంచం పట్టాయి. రోడ్డు దాటే ప్రతిచోటా కార్ల మధ్య ఇరుక్కునేవి, ఆలస్యమయ్యేవి, జనం తగ్గేవారు, జనం తగ్గితే ట్రిప్పులు తగ్గించేవారు. ఈ వరస నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో చెబుతాను, ఉండండి.

1961లో లాంగ్ బీచ్ రైలు ఆగింది. రెడ్ కార్లలో చివరిది అదే. 1990లో మళ్లీ రైలు వచ్చింది. ఎక్కడికి? లాంగ్ బీచ్‌కే, చాలావరకు ఆ పాత దారిలోనే. 1980లో జనం ఓటేసి డాలరుకి అర సెంటు పన్ను ఒప్పుకుంటే కట్టారు. మీరంతా పప్పులూ కరివేపాకూ కొనే ఆర్టీషియాలో, పయనీర్ బులెవార్డ్‌ని ఐమూలగా కోస్తూ ఒక ఖాళీ జాగా పోతుంది, చూశారా? అది శాంటా ఆనా అనే ఊరికి వెళ్లే పాత రెడ్ కారు దారి. అక్కడిదాకా లైట్ రైలు తెస్తామంటున్నారు, 2035కి అట. అప్పటికి నేనుంటానో లేదో. మీరుంటారు, కనుక్కుంటూ ఉండండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు సార్.

ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చినది బస్సు ప్రయాణికుల యూనియన్. రైళ్లకి డబ్బు పోసి బస్సుల్ని కుక్కిన బస్తాల్లా నడుపుతున్నారని ఇక్కడి రవాణా సంస్థ మీద 1994లో కోర్టుకి వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లు, లాటినోలు, నల్లవాళ్లు. 1996లో రాజీ కుదిరింది. బస్సులో రద్దీ ఎంత దాటకూడదో లెక్క కట్టి కాగితం మీద పెట్టించారు. ప్రయాణికులు మా మీద ఇలా కేసు వేయలేదు. వేసి ఉండాల్సింది.

ఎందుకంటే, మా డిపోలో ఒక నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఆ ఊళ్లో పడుకుని, పొద్దున్నే బయల్దేరేది. ఈపీకే తక్కువ, అంటే కిలోమీటరుకి వచ్చే రాబడి తక్కువ. ముందు వారానికి మూడు రోజులు చేశాం. జనం నమ్మకం పోయి ఆటోలు మాట్లాడుకున్నారు. రాబడి ఇంకా పడింది. సర్వీసు రద్దు చేయమని నోట్ రాసింది నేనే. అంకెలు తప్పు కాదు, ఇప్పుడు చూసినా కూడిక సరిపోతుంది. ఆ ఊరి మిరపకాయల లాభం, ఆ ఊరి పిల్లల ఇంటర్ మార్కులు నా పుస్తకంలో రాసే గడి లేదు, అంతే. హంటింగ్టన్‌కి రెండో పుస్తకం ఉంది, నాకు లేదు. అల్లుడికి ఈ సంగతి చెప్పలేదు. అదుగో, వెనక వరసలో కూర్చున్నాడు, ఇప్పుడే వింటున్నాడు.

సరే, ముగిస్తున్నాను. శనివారం పొద్దున తొమ్మిదింటికి మా వీధి చివర స్టాపులో ఉంటాను. వచ్చేవాళ్లు రండి. లాంగ్ బీచ్ వెళ్లి సముద్రం చూసి వద్దాం. కార్డు లేనివాళ్లు సరిపడా చిల్లర తెచ్చుకోండి, డ్రైవరు తిరిగివ్వడు. స్తంభం పక్కనే నిలబడండి. చెయ్యి బాగా పైకెత్తండి.