పార పని పారదే, గునపం పని గునపానిదే

నమస్కారమండి. మాది పర్లాకిమిడి పక్కన పల్లె. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. అందుకే మా సంతలో ఒక్కో పనిముట్టుకి రెండేసి పేర్లు. మనం గునపం అంటే ఒడియావాళ్లు సాబళ అంటారు, గొడ్డలిని టాంగియా అంటారు. ఏ పేరుతో అడిగినా ఇస్తారు. ఏ పనికి ఏది పట్టుకోవాలో మాత్రం పక్కన ఎవరైనా పెద్దవాళ్లుండి చూపించాల్సిందే. ఈరోజు అది నేను చూపిస్తాను.

ఇదిగో, ఈ రాయి చూడండి. సగం మట్టిలో దిగబడి ఉంది. దీన్ని తీసి గట్టుకి వెయ్యాలి. చేతిలో పారుంది కదా అని చాలామంది పార మొన రాయికింద దూర్చి కామని, అంటే దాని కర్ర పిడిని, కిందికి నొక్కుతారు. నేనూ అదే చేశాను. "ఒరే, పారతో రాయి లేపకురా, కామ ఇరిగిపోద్ది" అని మా నాన్న అవతలి మడిలోంచి అరుస్తూనే ఉన్నాడు. సరిగ్గా ఇనుములోకి దూరే చోటే పుటుక్కుమంది. విరిగిన కొస అరచేతిలో దిగింది. ఈ మచ్చ అదే. పార మట్టిని తెగ్గొట్టి లాగడానికండి. దాంతో బరువు ఎత్తబోతే ఆ బరువంతా కామకి ఆ ఒక్కచోటే పడుతుంది.

ఇప్పుడు గునపం. ఇది 5 అడుగులు. కొనకి అర అడుగు దూరంలో ఈ చిన్న రాయి ఆనిక పెట్టాను. లేపాల్సిన పెద్ద రాయి వైపు అర అడుగు, నా వైపు నాలుగున్నర అడుగులు. అంటే నా బలానికి తొమ్మిది రెట్లు. నేను 30 కిలోల బరువు వేస్తే అవతల 270 కిలోలు లేవాలి. ఇప్పుడు ఆనికని ఇంకో అర అడుగు నా వైపు జరుపుతున్నాను చూడండి. ఇటు నాలుగు, అటు ఒకటి. నాలుగు రెట్లే, 120 కిలోలే. నొక్కుతున్నా... కదలట్లేదు. మళ్లీ ముందుకు జరిపాను. ఆ, లేచింది! జరిపింది అర అడుగే.

లేచింది కదా అని కిందకి చెయ్యి పెట్టొద్దండి. సందులోకి చెక్కముక్కని కర్రతో తొయ్యండి. గునపానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడొద్దు. జారితే పైకి లేచి తగులుతుంది. పక్కకి నిలబడండి.

ఇక కొడవళ్లు. కెమెరా దగ్గరికి తీసుకురా తమ్ముడూ. ఇది కక్కు కొడవలి, వరి కొయ్యడానికి. పళ్లన్నీ పిడి వైపు వంగి ఉన్నాయి, కనపడుతోందా? అందుకే లాగితేనే కోస్తుంది, కొడితే కొయ్యదు. గుప్పెడు దుబ్బు పట్టుకుని మన వైపు లాగాలి. దీంతో తుప్పలు కొట్టారంటే ఒక్క పూటలో పళ్లు పోతాయి. తుప్పకి కత్తి ఉంది, గడ్డికి ఈ నున్నటి కొడవలి ఉంది. కక్కు కొడవలికి పదును పెట్టేటప్పుడు పళ్లు చెక్కిన వైపు ముట్టుకోకండి. వెనక వైపు సాఫీగా ఉంది చూశారా, దాన్ని సానరాయి మీద పరిచి నాలుగైదుసార్లు రుద్దితే చాలు.

జీడిమామిడి కొమ్మకి గొడ్డలి వద్దు, రంపం పట్టండి. ముందు కింద నుంచి కాస్త గాటు పెట్టి, దానికి కొంచెం అవతల పైనుంచి కొయ్యండి. లేకపోతే కొమ్మ విరుగుతూ మాను బెరడు చీల్చుకుపోతుంది. మిగిలిన మోడుని తర్వాత మాను దగ్గరగా తీసేయండి.

చివరిగా గొడ్డలి. నాకు అన్నిటికంటే భయం దీనితోనే, ఎందుకంటే వదులైన గొడ్డలి ఎగిరితే పక్కన ఎవరున్నారో చూడదు. చాలామంది రాత్రి నీళ్లలో నానబెట్టేస్తారు. కర్ర ఉబ్బి పొద్దున్నకి బిగుస్తుంది, నిజమే. ఎండకి ఆరాక మునుపటికంటే వదులవుతుంది. అలా చెయ్యకండి. ఇనుము కిందికి వేలాడేలా కామని గాల్లో పట్టుకుని, పై కొస మీద చెక్కసుత్తితో కొట్టండి. ఇలా. ఒక్కో దెబ్బకీ ఇనుము కామ మీదికి ఎక్కుతుంది, చూశారా? అప్పుడు ఇనుము కన్నంలో కనపడే కామ కొసలోకి కొత్త చెక్క చీల దిగ్గొట్టండి. చీలకీ కన్నానికీ మధ్య గోరు కూడా దూరకూడదు. కామ కొత్తది కొంటే కర్ర నార కొస నుంచి కొసకి తిన్నగా ఉందో లేదో చూడండి, ముడి ఉంటే వద్దనండి.

ఈ గొడ్డలికి గోరు దూరుతోంది. ఇంకో చీల చెక్కాలి, ఆ కత్తి ఇలా ఇవ్వు తమ్ముడూ.