తల్లి కన్ను, సంపు మూత

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఒక పిల్లల ఆసుపత్రి క్యాజువాలిటీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అక్కడ రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "అప్పుడు నువ్వేం చేస్తున్నావు?" బిడ్డను ఎత్తుకుని పరుగున వచ్చిన తల్లిని అత్తగారు అలా అడుగుతుంది, భర్త అడుగుతాడు, ఆటోలో తోడొచ్చిన పక్కింటాయన కూడా అడుగుతాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అడిగేవాణ్ణి. ఒకనాటి ఉదయం ఒకావిడ నా మొహంలోకి చూసి, "అన్నం వారుస్తున్నానండీ" అంది. అంతే. ఆ తర్వాత ఆ ప్రశ్న నా నోట రాలేదు.

వాళ్లది ఒంటిగది ఇల్లు. ఒక మూల పొయ్యి, నాలుగడుగుల అవతల స్నానాల చోటు. చలికాలం కాబట్టి బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాచింది. రాడ్డు తీసి పక్కన పెట్టింది, చన్నీళ్లు కలపాలి, ఇంతలో అన్నం పొంగింది. ఏడాది పిల్లవాడు పాకుతూ వచ్చి బకెట్టు అంచు పట్టుకుని లేవబోయాడు. ఆ వయసులో వాళ్లు చేసే పనే అది, ఏది దొరికితే దాన్ని పట్టుకుని లేవడం. ప్లాస్టిక్ బకెట్టు వాడి మీదికి ఒరిగింది. అరవై డిగ్రీల వేడి నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే అయిదారు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. పసివాళ్ల చర్మం అంతకన్నా పలచన. రాడ్డుతో కాచిన నీళ్లు అరవై దగ్గర ఆగుతాయా?

ఇక్కడ ఒక చిన్న మాట. కాలిన పిల్లల్లో చాలామంది మా దగ్గరికి టూత్‌పేస్టు పూసుకుని వచ్చేవారు. కొందరు ఇంకు, కొందరు పసుపు, ఒకసారి కోడిగుడ్డు సొన. అదంతా కడగడానికే మాకు సమయం పట్టేది, పిల్లలు నొప్పితో విలవిల్లాడేవారు. ఏమీ పూయకండి. కాలినచోట కుళాయి కింద మామూలు చన్నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. ఐసు వద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి బయలుదేరండి.

ఆ తల్లికి మేం ఏం చెప్పి పంపాలి? "జాగ్రత్తగా చూసుకోమ్మా" అనా? ఆవిడ చూసుకోవడం లేదా? ఇద్దరు పిల్లలు, ఒక పొయ్యి, ఏడు గంటలకు పనికి వెళ్లే భర్త, ఎనిమిదింటికి తాను పాచిపనికి వెళ్లాల్సిన రెండిళ్లు. ఆవిడకు ఉన్నవి రెండు కళ్లే. మా నర్సు ఒకామె నాకంటే తెలివైన మాట చెప్పింది: "బకెట్లో చన్నీళ్లు ముందు పొయ్యమ్మా, వేడినీళ్లు తర్వాత." కావాల్సినంత వేడి వేరే గిన్నెలో కాచుకుని, ఎత్తులో పెట్టుకుని, చన్నీళ్ల మీద పోస్తే బకెట్లో నీళ్లు ఏ క్షణంలోనూ సలసల కాగుతూ ఉండవు. తల్లి తల తిప్పినా ఫరవాలేదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ నర్సు మాటే, కాస్త పెద్దది చేసి.

మనకు బాలారిష్టాలని ఒక మాట ఉంది. పిల్లలన్నాక గండాలుంటాయి, దాటితే దాటినట్టు. మశూచి రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. మూతలేని సంపు మాత్రం ఏ జాతకంలోనూ రాసి ఉండదు, దాన్ని తవ్విన మేస్త్రీ ఒకడుంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పట్లో ప్రపంచంలో రోజుకు రెండు వేల మందికి పైగా పిల్లలు అనుకోని ప్రమాదాల్లో చనిపోయేవారు. అందులో రోజుకు కనీసం వెయ్యి మందిని కాపాడుకోవచ్చని కూడా అదే నివేదిక చెప్పింది.

న్యూయార్క్ నగరం కథ ఒకటి చెబుతాను. 1970ల మొదట్లో అక్కడి బ్రాంక్స్ ప్రాంతంలో, పేదవాళ్లు అద్దెకుండే పాత అంతస్తుల ఇళ్లలో, వేసవి వచ్చిందంటే పసిపిల్లలు కిటికీల్లోంచి కింద పడిపోయేవారు. ఉక్కపోతకు కిటికీలు తెరవక తప్పదు, వాటికి చువ్వలుండవు. నగర ఆరోగ్యశాఖ 1972లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరుకు తెలుగు అర్థం "పిల్లలు ఎగరలేరు". తల్లులకు బుద్ధి చెప్పి ఊరుకోలేదు. ఇళ్లకు వెళ్లారు, మాట్లాడారు, కిటికీలకు బిగించే చువ్వల చట్రాలు ఉచితంగా ఇచ్చారు. 1973 నుంచి 1975లోపు బ్రాంక్స్‌లో ఆ పడిపోవడాలు సగానికి తగ్గాయి. 1976లో నిబంధన వచ్చింది: పదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో కిటికీకి చువ్వలు బిగించాల్సింది ఇంటి యజమాని. చువ్వల మధ్య సందు నాలుగున్నర అంగుళాలు దాటకూడదు. ఆ సందులో పసివాడి తల పట్టదు, లెక్క అంతే. తల్లులు ఆ మూడేళ్లలో మారిపోయారా? లేదు, కిటికీలు మారాయి.

మన ఇళ్ల కిటికీలకు చువ్వలు మొదటినుంచీ ఉన్నాయి, దొంగల పుణ్యమా అని. మన బెడద బాల్కనీలు, మిద్దెలు. ఈమధ్య అపార్ట్‌మెంట్లలో అడ్డంగా నాలుగు స్టీలు గొట్టాలు వేసి రెయిలింగు అంటున్నారు. చూడటానికి బాగుంటుంది. మూడేళ్లవాడికి అది నిచ్చెన. నిలువు చువ్వలైతే ఎక్కడానికి కాలు ఆనదు. కట్టేశాక మార్చలేకపోతే దాని వెనక జాలీ బిగించవచ్చు. కనీసం పూలకుండీ, ప్లాస్టిక్ కుర్చీ దాని దగ్గర్నుంచి తీసేయండి. సంక్రాంతికి గాలిపటాల కోసం మిద్దె మీదికి పోయే పిల్లల సంగతి ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం.

లిఫ్టుల గురించి తలచుకుంటేనే బాధగా ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ దగ్గర శాంతినగర్‌లో ఆరేళ్ల బాబు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు, నిలోఫర్ ఆసుపత్రికి తీసుకెళ్లారు, మర్నాడు దక్కలేదు. మీ భవనంలో పాత లిఫ్టు ఉంటే, లాగుడు జాలీ తలుపు ఉంటే, తలుపు పూర్తిగా మూసుకోకుండానే అది కదులుతోందేమో ఈ సాయంత్రం చూడండి. కదిలితే అది లిఫ్టు కాదు, ఆపి పెట్టండి. "పిల్లల్ని ఒంటరిగా పంపకండి" అని బోర్డు పెట్టడం తేలిక. బోర్డు చదవలేని వయసువాళ్లే అందులో ఇరుక్కుంటారు.

బయటి సంగతి తల్లి చేతిలో అసలే లేదు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో వానలో తమ్ముడితో పాలకు వెళ్లిన బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే కింద ఏముందో ఎవరికి కనిపిస్తుంది? ఆ తల్లిని ఏమని అడుగుతాం?

అన్నిటికంటే నన్ను కలతపెట్టేది సంపు. మన నగరంలో నల్లా రోజూ రాదు కాబట్టి ప్రతి ఇంటి గుమ్మం ముందూ భూమిలో ఒక నీళ్ల గది ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు దాన్నే కడతారు, గోడలు తడపడానికి నీళ్లు కావాలి కనుక. మూత మాత్రం అన్నిటికంటే చివర. ఆ రెంటి నడుమ కాలమంతా ఆ గుంత పక్కనే పాలమూరునుంచో ఒడిశానుంచో వచ్చిన కూలీల పిల్లలు ఇసుకలో ఆడుకుంటూ ఉంటారు. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు ఒక గది, చూసుకునే మనిషి ఉండాలని, 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. నాలుగంతస్తుల ఇల్లు కట్టేచోట అంతమంది ఉండరు. ఆ పిల్లలకు ఆ చట్టం ఉన్నా లేనట్టే అయింది. కట్టేవాళ్లెవరైనా వింటుంటే, సిమెంటు బస్తాలతో పాటు సంపు మూత మొదటిరోజే తెప్పించండి.

మా అపార్ట్‌మెంటులోనూ సంపు పార్కింగులోనే ఉంది, వాచ్‌మన్ గదికి మూడడుగుల దూరంలో. రేకు మూత. ట్యాంకరు వచ్చినప్పుడు తీస్తారు, పైపు వేస్తారు, డ్రైవరు బీడీ కాల్చుకోవడానికి గేటు బయటికి వెళ్తాడు. వాచ్‌మన్ కూతురికి రెండేళ్లు. ఒకరోజు నేను మెట్లు దిగేసరికి ఆ పిల్ల సంపు అంచున గొంతుక్కూర్చుని, లోపల పడుతున్న నీళ్లధారను చూసి చప్పట్లు కొడుతోంది. ఎత్తుకుని వచ్చేశాను. ఇన్నేళ్లు క్యాజువాలిటీలో పనిచేసినవాణ్ణి, ఆ మూత పక్కనుంచే రోజూ కారు తీస్తున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు.

అసోసియేషన్ మీటింగులో చెప్పాను. తాళం వేయిద్దామన్నారు. తాళం సరే, ట్యాంకరు వచ్చినప్పుడు తీయాలిగా? "అప్పుడు వాచ్‌మన్ భార్య చూసుకుంటుంది" అన్నారు ఒకాయన. మళ్లీ మొదటికే వచ్చాం. మూత కింద ఇంకో ఇనుప జాలీ వెల్డింగు చేయిద్దాం, మూత తీసినా జాలీ ఉంటుంది అన్నాను. ఖర్చు 1,800 రూపాయలు. దాని మీద మూడు మీటింగులు నడిచాయి. అందులో ఒకటి, సంపు కడిగేటప్పుడు మనిషి ఎలా దిగుతాడన్న దాని మీద. కీలు పెట్టి, బోల్టు వేసి, స్పానరు ఉంటే తప్ప తెరుచుకోకుండా చేయవచ్చని వెల్డింగు అబ్బాయే చెప్పాడు.

అతను వచ్చినప్పుడు చువ్వల మధ్య ఎంత సందు వదలాలో వివరించబోయాను. బ్రాంక్స్, నాలుగున్నర అంగుళాలు అంటూ ఏదో మొదలుపెట్టాను. అతను టేపు తీయనేలేదు. ట్యాంకరు పైపు ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, దాన్ని చువ్వల మధ్య పెట్టి చూసి, "పైపు పట్టాలి, పిల్ల పట్టకూడదు. అంతేగా సార్?" అన్నాడు.

అంతే అన్నాను. నమస్కారం.