రాయలసీమ ఎండలో బియర్డెడ్ డ్రాగన్‌కు ఇల్లు

(దృశ్యం: అనంతపురంలో ఒక మేడ మీది గది. కిటికీ పక్కన ఖాళీ అద్దాల తొట్టి. గోడ గడియారంలో మధ్యాహ్నం రెండున్నర.)

నమస్కారం. ఈ తొట్టిలో జంతువూ లేదు, వెలిగే దీపమూ లేదు. అయినా లోపలి థర్మామీటరు 41 డిగ్రీలు చూపిస్తోంది. బియర్డెడ్ డ్రాగన్ అనే తొండలాంటి జంతువును పెంచుకోవాలనుకున్నప్పుడు నేను మొదట కొన్నది ఈ చేపల తొట్టినే. నాలుగు వైపులా అద్దం కాబట్టి చూడటానికి బాగుంటుందనుకున్నాను. నా అదృష్టం కొద్దీ జంతువు కన్నా ముందు ఏప్రిల్ నెల వచ్చింది.

ఈ పెంపకం గురించి మనకు దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాల వారివి. పెట్టెలో వేడిని ఎలా నిలబెట్టాలన్నదే వారి చింత. అనంతపురం, కర్నూలు, కడపలలో ఉండేవారికి మార్చి నుంచి జూన్ దాకా వేడి అడగకుండానే వస్తుంది, చల్లదనాన్నే వెతుక్కోవాలి. అందుకని మనం పెట్టెను చల్లని మూల నుంచి కట్టుకుంటూ వద్దాం.

(దృశ్యం: చేని గట్టు మీద రాయెక్కి ఎండ కాచుకుంటున్న తొండ.)

మన తొండ పొద్దున్నే రాయెక్కి ఒళ్లు కాచుకుని, ఎండ ముదరగానే కంప నీడకు జారుకోవడం మీరు చూసే ఉంటారు. తమ ఒంట్లో తాము వేడి పుట్టించుకోలేని ఈ జీవులు ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూనే ఒంటి వేడిని సరిచూసుకుంటాయి. ఆస్ట్రేలియా మెట్ట నేలలకు చెందిన బియర్డెడ్ డ్రాగన్ కూడా తొండ కుటుంబంలోనిదే. దానికి పెట్టెలో ఒక కొసన, దీపం కింది రాయి మీద, 40 డిగ్రీల వేడి ఉండాలి. రెండో కొసన 25 నుంచి 29 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెంటికీ మధ్య అంత తేడా రావాలంటే పెట్టెకు పొడవు ఉండక తప్పదు. ఎదిగిన జంతువు తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, నాలుగు అడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టె కన్నా తక్కువకు ఒప్పుకోకండి.

ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పాలి. ఉడుమును పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జీవుల్లో కూడా ఇగువానా వంటి కొన్నింటిని 2022 సవరణ తరువాత ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. ఏ జంతువునైనా కాగితాలు చూడకుండా కొనవద్దు.

(దృశ్యం: వడ్రంగి ప్లైవుడ్ పెట్టెకు జాలీ బిగిస్తున్నాడు.)

పెట్టెను మూడు వైపులా ప్లైవుడ్‌తో, ముందు వైపు జరిపే అద్దాలతో చేయించండి. చల్లని కొసన పక్క పలకకు కింద ఒక జాలీ, వేడి కొసన పైభాగంలో మరొక జాలీ పెట్టిస్తే, వేడి గాలి పైనుంచి పోతూ కింది నుంచి చల్లగాలిని లోపలికి లాక్కుంటుంది. లోపల వార్నిష్ వేయిస్తే, దాని వాసన పూర్తిగా పోయేదాకా పెట్టెను ఆరనివ్వండి.

ఎండ కాచుకునే రాయికి మనం దూరం వెళ్లనక్కరలేదు. బండల షెడ్డులో మూలన పడి ఉన్న కడప బండ తునకను అడిగి తెచ్చుకోండి. నల్లరాయి కాబట్టి దీపం వేడిని బాగా పీల్చుకుని, దీపం ఆరాక కూడా కాసేపు నిలుపుకుంటుంది. పాలిష్ పెట్టని గరుకు వైపే పైకి ఉంచండి. గోళ్లకు పట్టు దొరుకుతుంది, అవి అరుగుతాయి కూడా. మా పెట్టెలో రాయి అంచు మీద నెలలోపే సన్నని తెల్లటి గీతలు పడ్డాయి. బండను ఇసుక మీద కాక నేరుగా పెట్టె అడుగు మీదే కూర్చోబెట్టాలి, లేకపోతే జంతువు కింద తవ్వినప్పుడు అది మీద పడుతుంది. రాయి పైభాగపు వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసుకోండి. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టి జ్వరం చూసిన పరికరం దీనికి పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి కోసం చేసినది.

నేలకు టైల్స్ చాలు. చల్లని కొసన సగం పగిలిన మట్టి కుండను అంచులు నున్నగా అరగదీసి బోర్లిస్తే దాక్కునే చోటు అవుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో దాని పైభాగాన్ని తడిపితే లోపల చల్లబడుతుంది.

(దృశ్యం: పెట్టె లోపల పైకప్పుకు బిగించిన పొడవాటి ట్యూబు.)

చాలామంది డబ్బు మిగుల్చుకోవాలని చూసేది యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే దీపం దగ్గరే, నష్టపోయేదీ అక్కడే. ఈ కిరణాలు అందకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారు కాదు. అది లేక తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడి కాళ్లూ దవడా వంకరపోతాయి. కిటికీ అద్దం యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది కాబట్టి అద్దంలోంచి పడే ఎండ ఎంత తీక్షణంగా ఉన్నా ఈ లోటును తీర్చదు. ట్యూబును జంతువుకు ఎంత దూరంలో బిగించాలో ట్యూబు వచ్చిన అట్టపెట్టె మీద ఉంటుంది, అది పాటించండి. వెలుతురు తగ్గకపోయినా లోపలి యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికొకసారి మార్చండి.

పెట్టెను కిటికీకి దూరంగా, నడుము ఎత్తున పెట్టండి. పైనుంచి వచ్చే ప్రతి చేయీ జంతువుకు గద్దలాగే కనిపిస్తుంది. మేడ మీద స్లాబు కింది గది కన్నా కింది అంతస్తు నయం. ఊళ్లో పాత మట్టి మిద్దె ఉన్నవారికి అంతకన్నా మంచి చోటు లేదు. మే నెలలో పదకొండు దాటాక వేడి దీపాన్ని ఆపేసి, యూవీబీ ట్యూబును మాత్రం వెలగనివ్వండి. ఎయిర్ కూలర్ గదికి పెట్టండి కానీ, దాని తడి గాలిని పెట్టె మీదికి తిప్పకండి. డిసెంబరు రాత్రుల్లో పెట్టె లోపల 18 కన్నా తగ్గితే, థర్మోస్టాట్‌కు (వేడిని బట్టి హీటరును తానే ఆపి వేసే పరికరానికి) కలిపిన సిరామిక్ హీటరు అవసరమవుతుంది.

(దృశ్యం: గోడకు అతికించిన కాగితం మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అంకెలు.)

అన్నీ అమర్చాక వారం రోజులు పెట్టెను ఖాళీగానే నడిపి, రోజుకు మూడుసార్లు రెండు కొసల వేడినీ రాసిపెట్టుకోండి. మధ్యాహ్నం రెండున్నరకు చల్లని మూల 30 దాటుతుంటే పెట్టె చోటు మార్చండి, జాలీ పెంచండి, మళ్లీ వారం చూడండి. జంతువుకు బయానా ఇవ్వడం ఆ తరువాతి సంగతి.